నొప్పి పోయాక మొదలయ్యే పని

(హైదరాబాద్‌లో లాంగ్ డిస్టెన్స్ రన్నర్ల సమావేశంలో ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పొద్దున లాంగ్ రన్ ముగించుకుని, ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్ళు చాలామంది కనిపిస్తున్నారు. కాళ్ళు బిగుసుకుపోయి కూర్చోవడం కష్టంగా ఉంటే వెనకాల నిలబడి వినండి, నాకేం ఇబ్బంది లేదు. పిక్క మీద నీలం టేపు అంటించుకుని వచ్చినవాళ్ళు కూడా కొందరున్నారు. ఇవాళ్టి మాటలు ముఖ్యంగా మీకోసమే.

జూన్, జూలై వచ్చాయంటే మా దగ్గరికి పిక్క పట్టుకుని వచ్చేవాళ్ళు పెరుగుతారు. ఎందుకో మీకందరికీ తెలుసు. ఆగస్టులో మన ఊరి మారథాన్. నెక్లెస్ రోడ్డు దగ్గర బయల్దేరి, ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి చేరే పరుగు. ఎండలకి భయపడి ఏప్రిల్, మేలలో తగ్గించుకున్న కిలోమీటర్లన్నీ నాలుగు చినుకులు పడగానే ఒక్కసారిగా పెంచేస్తారు. వారం మధ్యలో ఎత్తు రోడ్ల ప్రాక్టీసు, ఆదివారం లాంగ్ రన్, దానికి తోడు కొత్త బూట్లు. కండ ఎంత బలమైనదైనా, అలవాటు పడటానికి దానికి కొంత వ్యవధి కావాలి కదా.

నేను చెప్పదలచుకున్న విషయం ఒక్కటే. నొప్పి పోవడం వేరు, కండ కోలుకోవడం వేరు. ఈ రెండింటికీ మధ్య కొన్ని వారాల ఎడం ఉంటుంది. మీలాంటివాళ్ళు రెండోసారి, మూడోసారి దెబ్బ తినేది సరిగ్గా ఆ ఎడంలోనే. మొదటి గాయం ఎవరికైనా అవుతుంది. రెండోది చాలావరకు ఆపగలిగేదే. అందుకే దాని గురించి ఇంత పట్టుదలగా మాట్లాడుతున్నాను.

లాంగ్ డిస్టెన్స్ రన్నర్‌కి ఈ ప్రమాదం మిగతావాళ్ళకంటే ఎక్కువ. ముప్ఫై రెండో కిలోమీటరు దగ్గర ఒళ్ళు వద్దంటున్నా ముందుకి అడుగేయడం మీరు ఏళ్ళ తరబడి నేర్చుకున్న విద్య. ఆ విద్య రేసులో మిమ్మల్ని గెలిపిస్తుంది. గాయమైన కాలికి మాత్రం అది పనికిరాదు. ఓర్చుకోవడం తెలిసిన మనిషికి ఎక్కడ ఆగాలో ఎవరో ఒకరు చెప్పాలి. లేదా ఆగడానికి ఒక కొలత చేతికివ్వాలి. ఆ కొలతలు ఇవ్వడానికే వచ్చాను.

ముందు పిక్క సంగతి చూద్దాం. బయటికి ఉబ్బెత్తుగా, రెండు పాయలుగా కనిపించే కండ పేరు గాస్ట్రోక్నీమియస్. ఇది మోకాలిని దాటి తొడ ఎముక కింది భాగానికి అతుక్కుని ఉంటుంది. దాని కింద, కంటికి కనపడకుండా, వెడల్పుగా పరుచుకున్న కండ సోలియస్. ఇది మోకాలిని దాటదు. రెండూ కిందికి వచ్చి మడమ వెనక అకిలీస్ నరంగా కలుస్తాయి. మనం నరం అంటాం గానీ అది స్నాయుబంధం, టెండన్. పైనున్న గాస్ట్రోక్నీమియస్ వేగంగా పరిగెత్తేవాళ్ళది. దూకడానికి, స్ప్రింట్‌కి అది కావాలి. సోలియస్ మీలాంటి దూరం రన్నర్లది. నెమ్మదిగా, అలసిపోకుండా, గంటల కొద్దీ పనిచేసే తంతువులే దాన్నిండా ఉంటాయి. పరుగులో ఒక్కో అడుగుకి దాని మీద పడే బలం మీ ఒంటి బరువుకి 6 నుంచి 8 రెట్లు ఉంటుందని లెక్కగట్టారు. అరవై కిలోల మనిషికి దాదాపు నాలుగు వందల కిలోలన్నమాట. ఒక కిలోమీటరులో ఒక్కో కాలు ఇలా ఎన్ని వందల సార్లు మోస్తుందో ఆలోచించండి.

ఇంకో సంగతి. సోలియస్ మీద ఈ భారం వేగంగా పరిగెడితేనే పడుతుందని అనుకోకండి. నెమ్మదిగా జాగింగ్ చేసినా దాదాపు అంత భారమూ పడుతుంది. "స్లోగానే కదా మేడమ్ పరిగెత్తింది, ఏమవుతుంది?" అని నన్ను వారం వారం అడుగుతుంటారు. సోలియస్ గాయానికి ఆ మాట సరిపోదు. తొడ వెనక హామ్‌స్ట్రింగ్ కండలకైతే వేగమే పెద్ద శత్రువు, అక్కడ స్లోగా పరిగెత్తడం కొంత రక్షణే. పిక్కకి ఆ రక్షణ లేదు.

సోలియస్ చినిగినప్పుడు సినిమాల్లో చూపించినట్టు మనిషి కుప్పకూలిపోడు. గాస్ట్రోక్నీమియస్ తెగితే ఎవరో రాయితో కొట్టినట్టు ఉంటుంది, అక్కడికక్కడే ఆగిపోతారు. సోలియస్ అలా చెప్పదు. పిక్క లోపల ఎక్కడో బిగుతు. నాలుగు కిలోమీటర్ల దాకా ఏమీ లేదు, ఐదోదానికి మొదలవుతుంది. ఆపితే తగ్గిపోతుంది. మర్నాడు మెట్లు దిగుతుంటే కొంచెం తెలుస్తుంది, మధ్యాహ్నానికి మర్చిపోతారు. రెండు రోజులాగి మళ్ళీ వెళితే మూడో కిలోమీటరుకే పట్టేస్తుంది. తర్వాత రెండోదానికి. అలా వచ్చే దూరం ప్రతిసారీ తగ్గుతూ ఉంటే అది మామూలు బిగుతు కాదు.

మరి మామూలు పట్టేయడాన్ని ఎలా గుర్తుపట్టాలి? రాత్రి నిద్రలోనో, రేసు చివర్లోనో పిక్క రాయిలా గట్టిపడుతుంది. పాదాన్ని పైకి లాగి పట్టుకుంటే నిమిషాల్లో వదిలేస్తుంది. మర్నాటికి కాస్త నొప్పిగా ఉండొచ్చు. చినిగిన కండ అలా వదలదు. వేలితో నొక్కితే ఒక చోట స్పష్టంగా నొప్పి ఉంటుంది, మునివేళ్ళ మీద లేస్తే అదే చోట మళ్ళీ పలుకుతుంది. ఒక్కోసారి రెండు మూడు రోజుల తర్వాత కమిలిన మచ్చ చీలమండ దగ్గరికి జారి కనిపిస్తుంది. సోలియస్ లోతుగా ఉంటుంది కాబట్టి అసలు మచ్చే కనిపించకపోవచ్చు.

ఇక్కడ నాలుగు హెచ్చరికలు చెప్పాలి. మొదటి మూడూ నా దగ్గరికి రావాల్సిన కేసులు కావు, నేరుగా డాక్టర్ దగ్గరికి, అదీ అదే రోజు వెళ్ళాల్సినవి.

మొదటిది, అమెరికా నుంచి శంషాబాద్‌లో దిగి ఒకటి రెండు రోజులైంది, లేదా రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చారు, లేదా ఈమధ్యే ఆపరేషన్ అయింది. ఎక్కడా దెబ్బ తగల్లేదు, అడుగు జారలేదు. అయినా ఒక పిక్క మొత్తం వాచి, వెచ్చగా, బరువుగా ఉంది. అది కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. దాన్ని మర్దన చేయకూడదు. రక్త ప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ చేయించుకోవాలి. దాంతోపాటు ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఎమర్జెన్సీకి పరిగెత్తాలి. రన్నర్లకి ఇలాంటివి రావన్న నమ్మకం చాలామందికి ఉంది. వస్తాయి.

రెండోది, మడమ పైన ఠప్పుమని చప్పుడు, వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఆ కాలి మీద మునివేళ్ళతో లేవలేరు. అది అకిలీస్ తెగడం. "నడవగలుగుతున్నాను కదా" అని వారాలు గడిపితే చికిత్స కష్టమవుతుంది.

మూడోది, పిక్క ఎముకంత గట్టిగా బిగిసి, భరించలేని నొప్పి వచ్చి, పాదం తిమ్మిరెక్కడం. లేదా రేసు తర్వాత మూత్రం కోకాకోలా రంగులో రావడం. రెండూ ఆగే విషయాలు కావు.

నాలుగోది మందుల గురించి. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ టెండన్లని బలహీనం చేయగలవు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే వాటి పెట్టెల మీద గట్టి హెచ్చరిక పెట్టించింది. మన దగ్గర జ్వరానికో, విరేచనాలకో ఇవి ఎంత తేలిగ్గా వాడేస్తారో మీకు తెలుసు. డాక్టర్ రాస్తే "నేను పరిగెడతాను, వేరే మందు ఉందా?" అని అడగండి. అదే తప్పనిసరైతే డాక్టర్‌ని అడగకుండా మందు ఆపేయకండి, పరుగు ఆపండి.

సరే, కండ చినిగింది. లోపల ఏం జరుగుతుంది? మొదటి రెండు మూడు రోజులు దెబ్బతిన్న తంతువులని రక్తంలోని కణాలు వచ్చి శుభ్రం చేస్తాయి. వాపు, వేడి, నొప్పి అందులో భాగమే. తర్వాత కండ తంతువుల అంచున నిద్రపోతున్నట్టుండే శాటిలైట్ కణాలు మేలుకుంటాయి. 1961లో అలెగ్జాండర్ మౌరో అనే శాస్త్రవేత్త కప్ప కండని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తూ వీటిని గుర్తించాడు. కొత్త కండ తంతువులు పుట్టేది వీటి నుంచే. అదే సమయంలో చినిగిన చోట కొలాజెన్‌తో అతుకు పడుతుంది. ఆ అతుకులో దారాలు మొదట్లో ఏ వరసా లేకుండా, చిక్కుపడ్డ జుట్టులా ఉంటాయి. దువ్వెన పెట్టి ఒక దిక్కుకి దువ్వితే గానీ జుట్టు జడకి లొంగదు. ఇక్కడ దువ్వెన పని చేసేది భారం. కండ లాగే దిశలో, కొద్దికొద్దిగా, పెంచుతూ పోయే భారం. అది పడకపోతే అతుకు గట్టిపడుతుంది, బలపడదు.

నొప్పి ఎప్పుడు పోతుంది? శుభ్రం చేసే దశ అయిపోగానే చాలావరకు పోతుంది. చిన్న గాయమైతే వారం, పది రోజులు. దారాలు వరసలోకి రావడానికి పట్టేది వారాలు, ఒక్కోసారి నెలలు. నేను ఎడం అన్నది దీన్నే. మీ మనసుకి అందే కబురు నొప్పి ఒక్కటే, కాబట్టి పదో రోజున బూట్లు వేసుకుంటారు.

ఈ భారం ఎంత త్వరగా మొదలుపెట్టాలన్న దానికి మంచి ఆధారం ఉంది. డెన్మార్క్‌లో 50 మంది అమెచ్యూర్ క్రీడాకారుల మీద చేసిన అధ్యయనం 2017లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అందరికీ తొడలోనో పిక్కలోనో పెద్ద గాయమే. సగం మందికి గాయమైన 2 రోజులకే వ్యాయామం మొదలుపెట్టారు. మిగతా సగానికి 9 రోజుల తర్వాత. వ్యాయామాలు రెండు జట్లకీ ఒకటే. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళు నొప్పి లేకుండా ఆటకి తిరిగి రావడానికి సుమారు 83 రోజులు పట్టింది. ముందు మొదలుపెట్టినవాళ్ళకి 62 రోజులు చాలాయి. ఒక్క వారం ఆలస్యానికి మూడు వారాలు పోయాయి. దీన్నుంచి రెండు పాఠాలు తీసుకోండి. ఒకటి, మంచం మీద పడుకోవడం చికిత్స కాదు. రెండోది, అన్నీ సరిగ్గా చేసినవాళ్ళకి కూడా రెండు నెలలు పట్టింది. పెద్ద గాయమైతే రెండు వారాల్లో రేసుకి పంపిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి.

(సభలోంచి ప్రశ్న: మేడమ్, మా అమ్మ వేడి నీళ్ళ కాపడం పెట్టి, నువ్వుల నూనెతో గట్టిగా మర్దన చేస్తుంది. చేయొచ్చా?)

బాగా అడిగారు, బాబూ. అమ్మకి చెప్పండి, మూడు నాలుగు రోజులు ఆగమని. అప్పుడే చినిగిన చోట రక్తం కారుతూ ఉంటుంది. వేడి, గట్టి మర్దన రెండూ దాన్ని పెంచుతాయి. తొడకి బాగా దెబ్బ తగిలినప్పుడు గట్టిగా మర్దిస్తే కండలో ఎముక పెరిగే ముప్పు కూడా ఉంది. వారం దాటాక చుట్టుపక్కల బిగుసుకున్న కండకి నూనె పట్టించి మెల్లగా రాస్తే హాయిగా ఉంటుంది. చేయనివ్వండి. అమ్మ చేతి స్పర్శ మందు కాదని నేననను. చినిగిన చోట మాత్రం బొటనవేలు పెట్టి నొక్కొద్దని చెప్పండి.

ఐస్ గురించి కూడా అడుగుతారు, ఇప్పుడే చెప్పేస్తాను. 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టర్ విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అనే సూత్రం రాశాడు. ప్రపంచమంతా పాటించింది. 2014లో ఆయనే ఐస్, పూర్తి విశ్రాంతి కోలుకోవడాన్ని ఆలస్యం చేయవచ్చని తన మాట మార్చుకున్నాడు. నొప్పి మరీ ఎక్కువగా ఉంటే మొదటి రోజు పదేసి నిమిషాలు గుడ్డలో చుట్టి పెట్టుకోండి, తప్పులేదు. దానికంటే క్రేప్ బ్యాండేజ్ కట్టు, కాలి కింద దిండు ఎక్కువ పనికొస్తాయి. బూట్లలో మడమ కింద సెంటీమీటరు ఎత్తు ప్యాడ్ పెట్టుకుంటే పిక్క మీద లాగుడు తగ్గుతుంది. రెండు బూట్లలోనూ పెట్టుకోండి, ఒక్కదాంట్లోనే పెడితే నడుము బాధపడుతుంది. పిక్కని గోడకి ఆనించి బలంగా సాగదీయకండి. చినిగిన గుడ్డని లాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం గురించి గట్టిగా చెప్తాను. వద్దు. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి నొప్పి అనే కబురుని మూసేస్తాయి, కండకి బలం ఇవ్వవు. పైగా చెమటతో నీళ్ళు పోయిన ఒంట్లో అవి కిడ్నీల మీద భారం వేస్తాయి. మన ఊరి ఉక్కపోతలో మూడు నాలుగు గంటల పరుగుకి ముందు ఆ మాత్ర మింగడం ప్రమాదం.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన చోటికి వచ్చాం. మడమ లేపే పరీక్ష.

గోడ దగ్గర నిలబడండి. రెండు వేళ్ళు మాత్రం గోడకి ఆనించండి, బ్యాలెన్స్ కోసమే, బరువు మోయడానికి కాదు. ఒక్క కాలి మీద, మోకాలు నిటారుగా పెట్టి, మడమని ఎంత ఎత్తుకి లేస్తే అంత ఎత్తుకి లేపి, నెమ్మదిగా దించండి. బాగున్న కాలికి 25 దాకా చేయగలగాలని చాలాకాలంగా మేం వాడే లెక్క. వయసుని బట్టి కొంత తగ్గుతుంది. అందుకే మీ బాగున్న కాలితోనే మీ గాయపడ్డ కాలిని పోల్చుకోండి.

ఈమధ్య ఒకావిడ వచ్చారు. నలభై ఐదు దాటిన మనిషి, బ్యాంకు ఉద్యోగి, పదేళ్ళుగా పరిగెడుతున్నారు. సోలియస్ గాయమై నెల దాటింది. "అస్సలు నొప్పి లేదండీ, నడుస్తున్నాను, మెట్లెక్కుతున్నాను, వచ్చే ఆదివారం పది కిలోమీటర్లు వెళ్ళొచ్చా?" అని అడిగారు. పరీక్ష చేద్దామన్నాను. కుడికాలు, బాగున్నది, ఇరవై నాలుగు వచ్చాయి. ఎడమకాలు మొదలుపెట్టారు. ఆరు దాకా రెండింటికీ తేడా లేదు. ఏడు, ఎనిమిది దగ్గర గోడ మీద రెండు వేళ్ళు నాలుగయ్యాయి. తొమ్మిదోదానికి అరచెయ్యి ఆనింది. పదకొండోదానికి మోకాలు కొద్దిగా వంగి, ఒళ్ళు గోడ వైపు వాలింది. మడమ లేస్తూనే ఉంది, కానీ లేపుతున్నది పిక్క కాదు. పన్నెండోసారి మడమ నేల నుంచి రెండు వేళ్ళ ఎత్తే లేచింది. ఆవిడ నా వైపు తిరిగి, "నొప్పి లేదండీ, కానీ లేవట్లేదు" అన్నారు.

ఆ మాట నేను ఎన్ని గంటలు చెప్పినా అంత బాగా చెప్పలేను. నొప్పి లేదు, కానీ లేవట్లేదు. ఆ కాలితో పది కిలోమీటర్లు వెళితే, పన్నెండు సార్లకే అలసిపోయిన కండ వేల అడుగులు మోయాలి. అది మోయలేదు. దాని పక్కనున్న కండో, అకిలీసో, మళ్ళీ అదే అతుకో ధర చెల్లిస్తుంది.

అదే పరీక్ష మోకాలు కొద్దిగా వంచి కూడా చేయండి. మోకాలు వంగితే గాస్ట్రోక్నీమియస్ వదులవుతుంది, పని సోలియస్ మీద పడుతుంది. చాలామంది జిమ్‌లో నిటారు మోకాలితో మాత్రమే చేసి, పిక్కకి చాలా చేశామనుకుంటారు. కుర్చీలో కూర్చుని, మోకాలి మీద బియ్యం బస్తా లాంటి బరువు పెట్టుకుని మడమ లేపడం దీనికి మొదటి మెట్టు. మోకాలు వంచి నిలబడి లేపడం తర్వాతిది. దానికి బ్యాగ్‌లో బరువు వేసుకోవడం ఆ తర్వాతిది. మెట్టు అంచున మడమ కిందికి దించి లేపడం చివరికి. రెండు మూడు రోజులకోసారి చేస్తే చాలు, రోజూ అక్కర్లేదు. కండకి కోలుకునే రోజు కూడా కావాలి.

చేస్తుంటే కొంచెం నొప్పి ఉంటే? పదికి రెండు మూడు దాకా ఫరవాలేదు, మర్నాడు పొద్దున మంచం దిగిన మొదటి పది అడుగుల్లో కిందటి రోజుకంటే ఎక్కువ లేకపోతే. మొదటి పది అడుగుల్ని గమనించండి. వాటికంటే నిజం చెప్పే యంత్రం మీ చేతి గడియారంలో లేదు.

ఇక ఫిట్‌నెస్ పోతుందన్న భయం. మీ ముఖాల్లో అది నాకు కనిపిస్తూనే ఉంది. 1980ల్లో ఎడ్వర్డ్ కోయిల్ బృందం బాగా తర్ఫీదైన ఎండ్యూరెన్స్ అథ్లెట్ల చేత ట్రైనింగ్ పూర్తిగా మానిపించి కొలిచింది. మూడు వారాలకి ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం, మీరు వీఓటూ మ్యాక్స్ అనేది, 7 శాతం తగ్గింది. ఎనిమిది వారాలకి 16 శాతం దగ్గర తగ్గడం ఆగింది. అదీ ఏ వ్యాయామమూ చేయకపోతే. మీరు అంత ఖాళీగా కూర్చోనక్కర్లేదు. నడుముకి బెల్టు కట్టుకుని లోతైన కొలనులో కాళ్ళు నేల తాకకుండా పరిగెత్తండి. గుండెకి పని, పిక్కకి తేలిక. సైకిల్ అయితే పెడల్ మునివేళ్ళ కింద కాకుండా పాదం మధ్యలో ఉండేలా తొక్కండి, పిక్క మీద భారం తగ్గుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది, వానలోనూ తొక్కొచ్చు, ట్రాఫిక్ టెన్షన్ లేదు. మారథాన్ ఇంటర్వెల్స్‌ని, అంటే కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా పరిగెత్తే ప్రాక్టీసుని, నిమిషాల్లోకి మార్చి కొలనులో చేయండి.

మనసు సంగతి కూడా చెప్పాలి. తెల్లవారుజామున నాలుగున్నరకి మెలకువ వస్తుంది, వెళ్ళడానికి చోటు ఉండదు. గ్రూపులో అందరి ఫొటోలు, పేస్‌లు వస్తుంటాయి. ఇంట్లో చిరాకు పడతారు. ఇది బలహీనత కాదు. మీ స్నేహాలు, మీ నిద్ర, మీ ఉత్సాహం అన్నీ పరుగుకి ముడిపడి ఉన్నాయి. కాబట్టి పరుగు ఆపినా గ్రూపు మానకండి. నెక్లెస్ రోడ్డుకి వెళ్ళండి, నీళ్ళ బాటిళ్ళు అందించండి, కొత్తవాళ్ళతో నడవండి.

పరుగు ఎప్పుడు? ముప్ఫై నిమిషాలు వేగంగా నడిచినా నొప్పి లేదు, మడమ లేపే లెక్కలో రెండు కాళ్ళూ దాదాపు సమానం, ఒంటికాలి మీద గెంతితే భయం లేదు, నొప్పి లేదు. ఈ మూడూ వచ్చాక నిమిషం పరుగు, నిమిషం నడక. రోజు విడిచి రోజు. ముందు పరిగెత్తే నిమిషాలు పెంచండి. తర్వాత దూరం. తర్వాత ఎత్తులు. అన్నిటికంటే చివర వేగం. ఒకే వారంలో రెండు పెంచకండి. చదునైన చోటు ఎంచుకోండి. హుస్సేన్ సాగర్ ఒడ్డున, స్టేడియం ట్రాక్ మీద మొదలుపెట్టొచ్చు. ట్రాక్ మీద ఒకే వైపు తిరిగితే రెండు కాళ్ళ మీదా భారం సమానంగా పడదు, మధ్యలో దిశ మార్చండి. కేబీఆర్ పార్కు చుట్టూ తిరగడం మీకెంత ఇష్టమైనా అక్కడి ఎత్తుపల్లాలు ఇప్పుడే వద్దు. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ రోడ్ల సంగతి అసలే చెప్పక్కర్లేదు. ఎక్కేటప్పుడు మడమ కిందికి జారి పిక్క సాగుతూనే నెట్టాలి, అతుకుకి అదే అన్నిటికంటే కష్టమైన పని. కార్బన్ ప్లేటు బూట్లు, మడమ ఎత్తు లేని బూట్లు బీరువాలోనే ఉండనివ్వండి.

తిండి గురించి రెండు మాటలు. పరిగెత్తట్లేదు కదా అని అన్నం తగ్గించకండి. కండ కట్టుకోవడానికి ముడిసరుకు కావాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ అని చెప్పింది. కోలుకుంటున్న అథ్లెట్‌కి దాదాపు దానికి రెట్టింపు, 1.6 దాకా కావాలి. అరవై కిలోల మనిషికి వంద గ్రాములకి దగ్గర. ఒక గుడ్డులో 6 గ్రాములే. ఇడ్లీ, చట్నీ, పప్పన్నం, పెరుగన్నంతో అంత రాదు. గుడ్లు, చికెన్, చేప, శాకాహారులైతే మీల్‌మేకర్, పనీర్, సెనగలు కలపాలి. ఏడెనిమిది గంటల నిద్ర. ఇంతే.

కెనెనిసా బెకెలె పేరు మీలో చాలామందికి తెలుసు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 5,000, 10,000 మీటర్లు రెండూ గెలిచిన ఇథియోపియా రన్నర్. పిక్క గాయం వల్ల 2010 నుంచి చాలాకాలం ట్రాక్‌కి దూరమయ్యాడు. 2011లో డేగు ప్రపంచ పోటీల్లో 10,000 మీటర్లు పూర్తిచేయలేక మధ్యలో ఆగిపోయాడు. ఆ తర్వాత కూడా గాయాలు వదల్లేదు. 2019లో, ముప్ఫై ఏడేళ్ళ వయసులో, బెర్లిన్ మారథాన్ 2 గంటల 1 నిమిషం 41 సెకన్లలో గెలిచాడు. అప్పటి ప్రపంచ రికార్డుకి రెండే సెకన్ల దూరం. ఆయనకున్న శరీరం మనకి లేదు. ఆయనకి దొరికినంత కాలం మాత్రం మనకీ ఉంది. మన రేసు వచ్చే ఏడాది కూడా ఉంటుంది.

(సభలోంచి ప్రశ్న: నాకు అరవై రెండమ్మా. కిందటేడు పిక్క గాయమైంది, తగ్గింది, మొన్న మళ్ళీ అయింది. ఇక మానేయమంటారా?)

మానేయక్కర్లేదు సార్. వయసు, పాత గాయం, ఈ రెండూ పిక్క మళ్ళీ దెబ్బతినే అవకాశాన్ని పెంచుతాయన్నది నిజమే. మీకు రెండూ ఉన్నాయి. కిందటేడు తగ్గాక మడమ లేపే వ్యాయామం ఎంతకాలం చేశారు?

(నొప్పి తగ్గగానే ఆపేశానమ్మా.)

అందరూ అక్కడే ఆపేస్తారు సార్, మీరొక్కరే కాదు. ఈసారి ముందు ఒక అల్ట్రాసౌండ్‌గానీ ఎంఆర్ఐగానీ తీయించండి. సోలియస్ మధ్యలో టెండన్ లాంటి పొర ఒకటి ఉంటుంది. అది చినిగితే రెండు మూడు వారాల్లో తగ్గదు, మూడు నెలలు పట్టొచ్చు. అది తెలియకుండా తేదీ పెట్టుకోవద్దు. తర్వాత కూర్చుని మడమ లేపడంతో మొదలుపెడదాం. మళ్ళీ పరిగెత్తడం మొదలయ్యాక కూడా వారానికి రెండు రోజులు, బరువుతో, కనీసం ఏడాది పాటు. మీ వయసులో కండ నెమ్మదిగా బలపడుతుంది, కానీ బలపడుతుంది. ఈ ఆగస్టుకి మీ బిబ్, అంటే రేసు నంబరు, వదిలేయండి. ప్రసంగం అయ్యాక ఇక్కడే ఉంటాను, ఆ గోడ దగ్గరికి రండి, రెండు కాళ్ళూ లెక్కపెట్టి రాసిస్తాను. టేపు వేసుకున్నవాళ్ళు కూడా రండి.